ఆ డైరీ రాసేది అమ్మాయా, ఆఫీసా? టెలిగ్రామ్ ‘సొంత కథ’ ఛానెళ్ల సంగతి

బెళ్లందూరు_బాబు
మా అక్క వైట్‌ఫీల్డ్‌లో ఉంటుంది. టెలిగ్రామ్‌లో ఒక ఛానెల్‌కి బాగా అలవాటు పడింది. అనంతపురం వైపు అమ్మాయి, 26 ఏళ్లు, మారతహళ్ళి పీజీలో ఉంటూ ఉద్యోగం, పెళ్లి చెడింది, అమ్మకి మోకాళ్ల ఆపరేషన్ చేయించాలి. ఇలా రోజుకో పోస్టు. బాగా రాస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. రాత్రి అన్నాలయ్యాక అక్క అది చదివి బావకి కూడా వినిపిస్తుంది.

ఈమధ్య కథ మలుపు తిరిగింది. ‘నా జీవితం మార్చిన సార్’ ఒకాయన దిగాడు. ట్రేడింగ్ నేర్పాడట, అప్పులన్నీ తీరిపోయాయట. ఇప్పుడు ఆయన కోర్సు 14,999 రూపాయలు, ‘నా అక్కచెల్లెళ్లకి మాత్రం’ 9,999. అక్క కట్టేస్తానంటోంది. ఫేక్ అక్కా అంటే ‘నీకు లోకంలో అందరూ ఫేకే’ అని ఫోన్ పెట్టేసింది.

సార్ సంగతి తర్వాత చూద్దాం. అసలు ఆ అమ్మాయి ఉందా లేదా అనేది ఎలా పట్టుకోవాలి? అక్కకి చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి.

నైట్‌షిఫ్ట్_నాని
కోర్సు ఉంది కాబట్టి అమ్మాయి లేదు. థ్రెడ్ మూసేయండి.

లక్ష్మక్క_బీటీఎం
అదేం లెక్క నానీ? నేనూ వాట్సాప్ ఛానెల్‌లో, టెలిగ్రామ్‌లో ఇంటి సంగతులు రాస్తా, కిందనే పచ్చళ్ల రేట్లు పెడతా. అంటే నేను లేనా?

నైట్‌షిఫ్ట్_నాని
మీ గోంగూర తిన్నాను అక్కా, మీరు ఉన్నారు. మా కడుపే సాక్షి.

బగ్‌రాజు
బాబూ, ముందు కథ పక్కన పెట్టి ఛానెల్‌ని చూడు. ఏదో ఒక పోస్టు లింకు కాపీ చెయ్యి. చివర ఒక అంకె ఉంటుంది. ఆ ఛానెల్‌లో పడ్డ మెసేజీల వరస నంబర్ అది. ఇప్పుడు పైకి జరుపుకుంటూ మొట్టమొదటి పోస్టు దాకా వెళ్లు. కొత్తగా పెట్టుకున్న ఛానెల్ అయితే ‘ఛానెల్ క్రియేట్ అయింది’ అన్న లైను, తర్వాత 2, 3, 4 అని నంబర్లు కనిపించాలి. మొదటి పోస్టే వెయ్యి దాటి ఉంటే దాని ముందువన్నీ చెరిపేశారన్నమాట. ఇంకేదో పేరుతో ఇంకేదో అమ్మిన ఛానెల్‌ని జనంతో సహా కొని బోర్డు మార్చి ఉండొచ్చు. పేరు మార్చినప్పుడు లోపల ఒక చిన్న లైను పడుతుంది. తెలివైనవాళ్లు దాన్నీ తుడిచేస్తారు. నంబర్లని మాత్రం ఎవరూ వెనక్కి తిప్పలేరు.

ఒక జాగ్రత్త. నాలుగు ఫోటోలు కలిపి ఒకే పోస్టుగా పెడితే నాలుగు నంబర్లు ఖర్చవుతాయి. మధ్యలో చిన్న చిన్న ఖాళీలు చూసి దొరికాడు దొంగ అనుకోకు.

తర్వాత కన్ను బొమ్మ పక్కన ఉండే అంకె చూడు. 40 వేల మంది సభ్యులుండి పోస్టుని 600 మందే చూస్తున్నారంటే ఆ జనం చాలావరకు కొన్న జనం. ఇంకా ‘ఎడిటెడ్’ అన్న మాట. పాత పోస్టుని అడ్మిన్ ఎన్నాళ్ల తర్వాతైనా దిద్దుకోగలడు. ‘ఈ షేరు పెరుగుతుందని సార్ ఆరోజే చెప్పారు’ అనే పోస్టు మీద ఆ మాట కనిపించిందంటే, ఆరోజు ఏం చెప్పాడో మనకి తెలీదు.

బెళ్లందూరు_బాబు
చూశా. కనిపించే మొదటి పోస్టు నంబరు 2,318. తేదీ 2023 మే. ‘ఈరోజు నుంచి నా మనసులో మాటలు రాసుకుంటా’ అని మొదలు. 2,317 మెసేజీలయ్యాక మనసు విప్పిందన్నమాట.

నైట్‌షిఫ్ట్_నాని
అంతవరకు మనసు లోడింగ్.

పాత_టపా
దానికే ఉరి తీసేయకండి. తన పాత ఛానెల్‌ని ఖాళీ చేసి కొత్తగా మొదలుపెట్టి ఉండొచ్చు. విడాకులైన మనిషి పాతవన్నీ చెరిపేసుకోవడం వింతేమీ కాదు.

కడపకారం
బాబు అన్నా, 2023వి రెండు మూడు పోస్టులు స్క్రీన్‌షాట్ పెట్టు. ఊరు తెలిసినోళ్లకు ఊరే చెప్తాది.

బెళ్లందూరు_బాబు
మూడు పెట్టా, చూడు. ఒకటి 2023 జూన్‌లో మెట్రో గురించి, ఒకటి బస్సు గురించి, మూడోది ఆ ఏడు దీపావళి ఫోటో.

కడపకారం
మొదటిది చూస్తి. ‘ఉదయం వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కి, కిటికీ పక్కన నిలబడి, కళ్లు తుడుచుకునేలోపు ఎంజీ రోడ్డు వచ్చేసింది.’ తేదీ జూన్ 14, 2023.

రాదు సామీ! ఆ జూన్‌లో అట్లా రాదు. వైట్‌ఫీల్డ్ నుంచి కేఆర్ పురం దాకా 2023 మార్చి 25న తెరిచినారు. కేఆర్ పురానికీ బయ్యప్పనహళ్లికీ నడుమ ముక్క అక్టోబర్ 9 దాకా లేదు. ఆ ఆరు నెలలూ కేఆర్ పురంలో దిగి, మెట్లన్నీ దిగొచ్చి, ఫీడర్ బస్సు పట్టుకోని, ఆ బ్రిడ్జి కింద ట్రాఫిక్‌లో ఇరుక్కొని, బయ్యప్పనహళ్లిలో మళ్లా మెట్లెక్కి, మళ్లా బ్యాగు స్కానర్‌లో పెట్టి రైలెక్కాల. నేను ఆ దావనే ఆఫీసుకు పోయినోణ్ణి. ఆ బస్సును తిట్టకుండా ఆ జూన్ గురించి డైరీ రాసేవాళ్లు యాడా ఉండరు. రాసినోళ్లు మ్యాప్ చూసి రాసినారు, అదీ ఇప్పటి మ్యాప్.

రెండోది ఇంకా బాగుండాది. ‘ఊరినుంచి వచ్చి వారం కాలేదు, కండక్టర్ అన్న నవ్వుతూ ఫ్రీ టికెట్ చేతిలో పెట్టాడు.’ కర్ణాటకలో ఆడోళ్లకు ఉచిత బస్సు 2023 జూన్ 11న మొదలైన మాట నిజమే. కానీ అది కర్ణాటక అడ్రసు ఉండే కార్డు చూపించినోళ్లకు. అనంతపురం ఆధార్‌తో వారంలో ఫ్రీ టికెట్ యాడ్నుంచి వస్తాది? మా చెల్లెలు మడివాళలో ఉంటూ డబ్బులిచ్చే టికెట్ కొంటాండ్య. కండక్టర్ నవ్వేది కూడా డౌటే.

మూసాపేట_టు_మడివాళ
దీపావళి ఫోటో పెద్దగ చేసి చూడు తమ్మీ. రింగ్ రోడ్డు మీద ముందల తెల్ల కారు, నంబర్ ప్లేటు టీజీ. 2023 దీపావళికి టీజీ యాడిది? టీఎస్ పోయి టీజీ అచ్చిందే 2024 మార్చిల. మా బామ్మర్ది ఫిబ్రవరిల కొన్నడు, టీఎస్. వాని దోస్తు నెల ఆగి కొన్నడు, టీజీ. ఇద్దరు ఇప్పటికీ కొట్లాడుకుంటరు ఏది బాగుందని.

బగ్‌రాజు
అబ్బ, ఇది పక్కా. తర్వాత ఫోటో మార్చారనుకున్నా అది దీపావళి ఫోటో అయితే కాదు.

కోడింగ్_కోటయ్య
ఇంత కష్టమెందుకు? ఫోటో డౌన్‌లోడ్ చేసి ఎగ్జిఫ్, అంటే ఫైలులో దాగుండే వివరాలు చూస్తే ఎప్పుడు, ఎక్కడ తీశారో వచ్చేస్తుందిగా.

బగ్‌రాజు
రాదు కోటయ్యా. టెలిగ్రామ్ అయినా వాట్సాప్ అయినా ఫోటోగా పంపినదాంట్లో ఆ వివరాలు తీసేస్తాయి. ఫైలుగా పంపితేనే మిగులుతాయి, డైరీ రాసేవాళ్లు ఫైలుగా ఎందుకు పెడతారు? ఫోటోతో ఫోటోని వెతికే గూగుల్ లెన్స్‌లోనో టిన్ఐలోనో వేసి వెతకడం మేలు. దొరకకపోతే అద్దంలోలా కుడి ఎడమలు తిప్పి మళ్లీ వెతుకు, దొంగ ఫోటోలని తిప్పి పెట్టడం మామూలే. ఏఐ బొమ్మలైతే దుకాణం బోర్డులు చదవండి. కన్నడా కాదు తెలుగూ కాదు అన్నట్టు అక్షరాలు ఉండొచ్చు.

నైట్‌షిఫ్ట్_నాని
మా ఏరియాలో నిజం బోర్డులే అలా ఉంటాయి బాస్.

పాత_టపా
మీ పరిశోధన బాగుంది గానీ నాకు రెండో వైపు కూడా చెప్పాలనుంది.

తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి సైటు రోజుల్లో నేనూ బ్లాగు రాసేదాన్ని. ఉన్న ఊరు వేరు, రాసిన ఊరు వేరు. మా ఆయన ఉద్యోగం మార్చా, పిల్లల వయసులు మార్చా. అత్తగారి తరఫు వాళ్లు ఎవరైనా చదివి గుర్తుపడతారని భయం. అప్పట్లో మాకు తెలిసిన ఒకావిడ తన కాపురం గురించి రాసేది. ‘అజ్ఞాత’ పేరుతో నలుగురు చేరి, ఫలానా తేదీన ఆ ఊళ్లో వాన పడలేదు, నువ్వు మగాడివి, ఫేక్ అని రోజూ వ్యాఖ్యలు పెట్టేవాళ్లు. ఆవిడ ఉంది. నేను వాళ్లింట్లో భోంచేశాను. బ్లాగు మూసేసి వెళ్లిపోయింది. వాన తేదీ ఎందుకు తప్పిందంటే, తనని ఎవరూ పట్టుకోకూడదని కావాలనే మార్చి రాసింది.

అందుకే మెట్రో తప్పు, ప్లేటు తప్పు అనగానే మనిషే లేదని తీర్మానించడం నాకు నచ్చదు. దాచుకోవడానికి మార్చడం వేరు, అమ్ముకోవడానికి అల్లడం వేరు.

కడపకారం
అక్కా, దాచుకునేవాళ్లు స్టేషన్ పేరు రాయకుండా వదిలేస్తారు. లేని రైలు ఎక్కరు కదా!

పాత_టపా
ఎక్కుతారు నాయనా. నేను నా బ్లాగులో లేని ఆడపడుచుతో ఏళ్లతరబడి పోట్లాడాను.

ఎక్సెల్_ఎల్లయ్య
మా పాత రూమ్‌మేట్ కోరమంగళలో ఒక కంటెంట్ ఆఫీసులో చేసేవాడు. పేరు వద్దు. ముగ్గురు కుర్రాళ్లు, నలుగురు ‘అమ్మాయిలు’. మీరు అనుకునేంత గొప్పగా ఏం ఉండదు. ఒక షీటు. అందులో ఒక్కో అమ్మాయికి ఒక్కో ట్యాబు: అమ్మ పేరు, ఊరు, ఇష్టమైన కూర, ఏ తేదీన ఏడ్చింది, దేనికి ఏడ్చింది. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య ఎడం ఉండాలి, లేకపోతే జనం వెళ్లిపోతారు. మొదటి మూడు నెలలు ఏమీ అమ్మకూడదు. తర్వాత ‘ఒకరు దేవుడిలా వచ్చారు’ అని పేరు చెప్పకుండా నాలుగైదు పోస్టులు. పాఠకులే ‘ఎవరక్కా ఆయన?’ అని అడగాలి. అడిగాకే చెప్పాలి. అదే వాళ్ల పనితనం.

వాడు మానేసినప్పుడు జరిగింది వినండి. వాడి చేతిలో ఉన్న ‘అమ్మాయి’ ఉన్నట్టుండి ‘అమ్మమ్మ ఊరు వెళ్తున్నా, సిగ్నల్ ఉండదు’ అని మాయమైంది. కొత్తవాడు చేరాక తిరిగొచ్చింది. అంతకుముందు కాఫీ లేకపోతే తెల్లారని మనిషి, వచ్చీ రాగానే ‘నా చాయ్ లేకుండా నేను లేను’ అంది. కొత్తవాడు షీటు పూర్తిగా చదవలేదు. కింద ఒక్కరు కూడా అడగలేదు.

బాబూ, రెండు చూడు. పోస్టులు పడే టైము. ఆదివారాలు పడుతున్నాయా లేదా.

బెళ్లందూరు_బాబు
ఇప్పుడే చూశా అన్నా. అన్నీ రాత్రి 9:30కే. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. ఆదివారం ఒక్కటీ లేదు. అక్క ఏమందో తెలుసా, ‘ఆదివారం బట్టలుతుక్కుంటుంది పాపం’ అంది.

లక్ష్మక్క_బీటీఎం
టైము పెట్టి వేసుకోవడం టెలిగ్రామ్‌లో అందరికీ ఉంది బాబూ. మా పిల్లాడు అక్కడ నా పోస్టులన్నీ పొద్దున ఏడింటికే పడేట్టు పెట్టాడు. ఆదివారం నేనూ వెయ్యను. పచ్చడి కలిపే రోజు.

ఎక్సెల్_ఎల్లయ్య
నిజమే. మీరు మాత్రం మధ్యలో ఎప్పుడైనా రాత్రి పదకొండింటికి ‘కరెంటు పోయింది, మామిడికాయ ముక్కలు ఆరలేదు’ అని పెడతారు చూడండి, అది ఆ అమ్మాయి పెట్టదు. ఆ పోస్టు వల్ల ఎవరికీ లాభం లేదు కాబట్టి.

అడయార్_అప్పారావు
చెన్నై నుంచి ఒక మాట. 2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుఫాను. బాపట్ల దగ్గర తీరం దాటింది ఐదో తేదీన, మమ్మల్ని ముంచింది మూడు, నాలుగు తేదీల్లో. వేళచ్చేరిలో ఉన్నానంటూ ఒకడు ఛానెల్‌లో గంటగంటకీ కవితల్లాంటి పోస్టులు పెట్టాడు. మా తమ్ముడిల్లు అక్కడే. కరెంటు లేదు, ఫోన్ కలవలేదు, పాల ప్యాకెట్ దొరకలేదు. మా తమ్ముడికి సిగ్నల్ వచ్చాక మొదటి మెసేజీ ‘బైకు పోయింది’ అని రెండు మాటలు. కవిత్వం ఏమీ లేదు.

కోడింగ్_కోటయ్య
పవర్‌బ్యాంక్ ఉందేమో.

అడయార్_అప్పారావు
టవర్‌బ్యాంక్ కూడా ఉండాలి మరి.

మూసాపేట_టు_మడివాళ
నా సంగతి చెప్త. మా ఆఫీసు గ్రూపుల ఒక డైరీ తిరిగింది. చిన్న పిల్ల, బ్లడ్ క్యాన్సరు, కిద్వాయ్ క్యాన్సర్ హాస్పిటల్‌ల చూపిస్తున్నమని తండ్రి రాస్తుండు. చదివితే నీళ్లొస్తయ్. కింద యూపీఐ. మా లీడ్ పంపుదమని నంబర్ కొట్టిండు, అకౌంటు వేరే ఆడామె పేరు చూపెట్టింది. భార్య అయి ఉండొచ్చు, సరే. నేను ఒక్కటే అడిగిన: ‘అన్నా, మేం మొత్తం ఆఫీసు కలిసి పెద్ద అమౌంటే ఇస్తం, హాస్పిటల్ అకౌంట్లనే కడతం, పేషెంట్ నంబర్ ఇయ్యి.’ బ్లాక్ చేసిండు. నిజంగ బిడ్డ ఉన్నోడు అట్ల చేస్తడా? పెద్ద హాస్పిటళ్ల సోషల్ వర్కర్లు ఉంటరు, వాళ్లను అడిగితె దారి చెప్తరు.

పాత_టపా
రోగాల కథలకి సరిహద్దుల్లేవు. ఆస్ట్రేలియాలో బెల్ గిబ్సన్ అనే ఆవిడ తనకి మెదడు క్యాన్సర్ అనీ, తిండితోనే తగ్గించుకున్నాననీ లోకాన్ని నమ్మించింది. క్యాన్సరే లేదు. 2017లో కోర్టు 4,10,000 డాలర్ల జరిమానా వేసింది.

2011లో డమాస్కస్ నుంచి రాస్తున్నట్టు ఒక సిరియా అమ్మాయి బ్లాగు వచ్చింది. పెద్ద పెద్ద పత్రికలు ఎత్తి రాశాయి. ఆమెని ఎత్తుకుపోయారని పోస్టు పడగానే విడిపించాలని జనం ఉద్యమాలు చేశారు. రాసింది ఎడిన్‌బరోలో చదువుకుంటున్న ఒక అమెరికన్ మగాడు. ఫోటోలు లండన్‌లో ఉండే, ఏ సంబంధమూ లేని ఇంకో ఆవిడవి. అది బయటపడే ముందు ఒక విలేఖరి అడిగిన ప్రశ్న చాలా సాదా ప్రశ్న: ఈ అమ్మాయిని ఎదురుగా కలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒక్కరూ లేరు. బాబూ, నేను వెనకేసుకొస్తున్నానని అనుకోకు. ఈ ప్రశ్న మీ అక్క ఛానెల్‌ని కూడా అడగొచ్చు.

నైట్‌షిఫ్ట్_నాని
మారతహళ్ళిలో తెలుగువాళ్లకి తెలీని తెలుగు పీజీ అమ్మాయి! ఆ ఒక్క ముక్కతోనే కేసు కొట్టేయొచ్చు. అక్కడ టిఫిన్ సెంటర్ అన్నకి అందరి సొంతూళ్లూ తెలుసు.

కడపకారం
నా మాట ఇను బాబు అన్నా. అమ్మాయి ఉందా లేదా అని అక్కతో కొట్లాడితే తెల్లార్లూ కొట్లాడాల. సార్‌ను పట్టుకో. ఇది కొను, ఇది అమ్ము అని డబ్బు తీసుకోని చెప్పేవాడికి సెబీ, అంటే షేర్ మార్కెట్‌ను అదుపులో పెట్టే సంస్థ, రిజిస్ట్రేషన్ ఉండాల. రీసెర్చ్ అనలిస్ట్ అయితే ఐఎన్‌హెచ్‌తో, అడ్వైజర్ అయితే ఐఎన్‌ఏతో మొదలయ్యే నంబరు. సెబీ సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు. ‘సలహా ఇవ్వం, పాఠమే చెప్తాం’ అంటాడేమో. పాఠం చెప్పేవాళ్లు కూడా మూడు నెలల్లోపు ధరలు చూపించి షేర్ల పేర్లు ఎత్తకూడదని 2025 జనవరిలో సెబీ చెప్పినాది. ‘లైవ్ మార్కెట్‌లో నేర్పుతాం’ అని పోస్టర్‌లో ఉందంటే అంతటితోనే తెలిసిపోతాది. ఆ అమ్మాయి బంగారం లాంటి మనిషే అయినా డబ్బు పోయేది పోతాది.

బెళ్లందూరు_బాబు
పోస్టర్‌లో పెద్ద అక్షరాలతో అదే ఉంది, ‘లైవ్‌లో సార్‌తో పాటు ట్రేడ్ చేయండి’.

నిన్న రాత్రి అక్క ఇంటికి వెళ్లా. ఫేక్ అన్న మాట ఎత్తలేదు. నంబర్ ప్లేటు చూపిస్తే ‘ఫోటో తర్వాత మార్చి ఉంటుంది’ అంది. మెట్రో చెప్తే ‘అన్నీ గుర్తుంటాయా’ అంది. అక్క కూడా ఆ జూన్‌లో వైట్‌ఫీల్డ్‌లోనే ఉంది మరి! తర్వాత తనే ఫోన్ తీసుకుని, కోర్సు వివరాలకని ఇచ్చిన అకౌంట్‌కి మెసేజీ పెట్టింది: ‘చెల్లీ, 2024 మార్చిలో మీ పీజీలో నీళ్లు ఎలా మేనేజ్ చేశారు? మాకైతే ట్యాంకర్ కోసం కొట్లాటలు.’ రెండు నిమిషాల్లో జవాబు: ‘అవును అక్కా చాలా బాధపడ్డాను. మీలాంటి వాళ్ల ప్రేమే నన్ను నిలబెట్టింది. ఆఫర్ రేపు రాత్రితో క్లోజ్ అవుతుంది.’

అక్క చాలాసేపు ఆ జవాబు వంక చూసి, ‘బోరు ఎండిపోతే ప్రేమేంటే!’ అంది.

నైట్‌షిఫ్ట్_నాని
అక్కని మా టీమ్‌కి టెస్టర్‌గా తీసుకుంటాం. రిఫరల్ బోనస్ సగం సగం.

పాత_టపా
మీ అందరి స్క్రీన్‌షాట్ల కంటే ఆవిడ ప్రశ్న గట్టిది. డబ్బు కట్టిందా మరి?

బెళ్లందూరు_బాబు
కట్టలేదు. సెబీ నంబర్ కూడా అడిగింది, ‘సార్ టీమ్ కాల్ చేస్తారు’ అని చెప్పి ఇంతవరకు చెయ్యలేదు. ఛానెల్ మాత్రం వదల్లేదు. ‘వాళ్లమ్మ ఆపరేషన్ ఏమైందో తెలియాలి కదా’ అంటోంది.

ఎక్సెల్_ఎల్లయ్య
షీటులో ఇంకా రాయలేదేమో.

కడపకారం
రిపోర్ట్ కొట్టడం మరవొద్దు. డబ్బు పోయినోళ్లు ఎవరన్నా ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాల, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. డబ్బు పోకపోయినా సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో అనుమానితుల వివరాలు ఇచ్చే చోటు ఉండాది, టెలిగ్రామ్ హ్యాండిల్ అక్కడ ఇయ్యొచ్చు. ఛానెల్ రాత్రికి రాత్రి పేరు మార్చుకుంటాది, ముందే లింకులు, స్క్రీన్‌షాట్లు దాచిపెట్టు.

హొసకోటె_హనుమ
మా అమ్మ చదివేది వాట్సాప్ ఛానెల్. పాతవి చూద్దామంటే లేవు. అక్కడ ఎలా?

బగ్‌రాజు
అక్కడ తవ్వడం కష్టం. 2023లో ఛానెళ్లు మొదలుపెట్టినప్పుడే సర్వర్‌లో 30 రోజుల చరిత్రే ఉంచుతామన్నారు. అడ్మిన్ ఫోన్ నంబరు కూడా ఫాలో అయ్యేవాళ్లకి కనిపించదు. నువ్వే అప్పుడప్పుడు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. వయసు, ఊరు, పిల్లల పేర్లు మారాయేమో పోల్చుకో. లక్ష్మక్క రేట్లు కూడా.

లక్ష్మక్క_బీటీఎం
నా రేటు మారిందంటే నూనె రేటు మారిందని. ఆవకాయ ఈ వారం అయిపోయింది, అడగొద్దు.